జాతికుక్కకి పట్టని పురుగు

ఇట్రా మే, ఇంకా దగ్గిరికి రా. కుక్కపిల్లని అట్ల చేతులు చాపి దూరంగా పట్టుకుంటే దాని చెవిలో ఏముందో నాకెట్ల కనపడుతుంది? నా ఒళ్ళో పండబెట్టు. ఆ కొబ్బరిచిప్పలో కాస్త కిరసనాయిలు పోసి పక్కన పెట్టు. నేను ఒక్కొక్క గోమారి పురుగునీ పీకి దాంట్లో వేస్తా ఉంటా, నువ్వు వింటా ఉండు. పొద్దున మీ అమ్మ, "ఛీ, పురుగుల కుక్క, బయట పారెయ్యండి" అనింది చూడు, ఆ మాట చెవిన పడంగానే నాకు వజ్రమ్మ గుర్తొచ్చింది. ఆ వజ్రమ్మ మాటే వినుంటే మీ అమ్మ కాళ్ళకి పది వేళ్ళు మిగిలుండవు. అది తెలిస్తే మీ అమ్మ అట్ల మాట్లాడదు.

ఎమర్జెన్సీ పోయిన కొత్త. మేము తిరువళ్ళూరులో రైలు గేటుకి ఇవతల, బియ్యం మిల్లు వెనకతట్టు బాడిగింట్లో ఉండినాం. మీ తాత ఎల్లప్ప పొద్దున కరెంటు రైలెక్కి ఫ్యాక్టరీకి పోతే చీకటి పడేటప్పుడు వచ్చేవాడు. ముందర పెద్దిల్లు, దాని వెనక వరసగా నాలుగు లైను ఇండ్లు. పెద్దింట్లో ఇంటాయన జయరామయ్య, ఆయన పెండ్లాం వజ్రమ్మ. వాళ్ళకి పళ్ళిపట్టు కాడ వేరుశెనగ భూములు, మామిడితోపు. కొడుకు వాసుదేవని టవున్లో చదివించాలని ఇక్కడ ఇల్లు కట్టినారు. కొడుకు చదువు యాడుందో గానీ, ఆమె గొప్ప మాత్రం బాగా పెరిగింది.

మేము బావి కాడ నీళ్ళు చేదుకుంటే, మా వెనకాలే వచ్చి తాడు మీద చెంబెడు నీళ్ళు పోసేది. మా చెయ్యి తాకిన తాడంట. ఎప్పుడూ తడిగా ఉండి ఆ తాడు కుళ్ళి తెగిపోయేది. బక్కెట బావిలో పడేది. దాన్ని తీసేదానికి మళ్ళా మా ఆయన్నే బావిలోకి దించేది. అప్పుడు బావినీళ్ళకి ఏమీ అంటదు! ఇట్లాంటి తెలివి ఆమెది.

ఆమెకి ఒక కుక్క. రాజపాళయం కుక్క. తెల్లగా, పొడుగ్గా, ముక్కు రోజాపూవు మాదిరి ఎర్రగా ఉంటుంది. ఎవరో జమీను వాళ్ళ దగ్గిర నుంచి తెచ్చినారంట. పేరు దొర. పాపం దానికి ఏమీ తెలియదు, మంచి జీవం. ముందర హాల్లో గోనెసంచి మీద పడుకోనుండేది. ఆ గోనె వచ్చిన రోజు నుంచి ఉతికింది లేదు, ఎండకి వేసింది లేదు. కుక్కకి నీళ్ళు పోసిందీ లేదు. సబ్బు పెడితే జాతి రంగు పోతుందంట. ముట్టుకుని దువ్వుదామంటే లైను వాళ్ళ చెయ్యి తగలగూడదు, ఆమె చెయ్యి కుక్క మీద పెట్టదు. ఇంక ఎవరు చూస్తారు?

నాకొక పిల్లి ఉండింది. మూడు రంగుల పిల్లి. దాన్ని నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. మీ అమ్మ అప్పుడు చేతి బిడ్డ. వెనక బియ్యం మిల్లుంది కదా, పందికొక్కులూ ఎలకలూ మా గోడల్లో కాపరం ఉండినాయి. ఒకరోజు సాయంత్రం నేను పొయ్యి కాడుంటే ఉయ్యాల్లో బిడ్డ కేక పెట్టింది. పోయి చూస్తే కాలి బొటనవేలంతా నెత్తురు. ఎలక కొరికింది. నేను బిడ్డని ఎత్తుకుని ఏడస్తా కూర్చున్నాను. ఆ వారంలోనే ఈ పిల్లి వచ్చి ఉయ్యాల కింద పండుకునింది. దాని తరవాత ఒక్క ఎలక ఉయ్యాల తాడు ఎక్కలేదు. దాన్ని నేను పిల్లి అనుకోలేదు మే, కాపలా అనుకున్నాను. అందుకే బాగా చూసుకునేదాన్ని. పేన్ల దువ్వెనతో రోజూ దువ్వేది, దువ్విన పురుగుని సబ్బునీళ్ళలో ముంచేది, అది పండుకునే గుడ్డని మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేసేది. మా అమ్మ మేకలు మేపిన మనిషి, ఇవన్నీ ఆమె కాడ నేర్చుకున్నవే.

ఆడి మాసం, అరవోళ్ళ ఆషాఢం, రాకముందు వానలు పడి ఎండ కాసింది. ఆ ఉక్కకి తెల్లుపూచ్చులు బయలుదేరినాయి. అరవంలో తెల్లుపూచ్చి అంటారే, నువ్వు గింజంత నల్లపురుగు, పట్టుకోబోతే ఎగిరిపోతుంది, అది. అందరికీ కాళ్ళ మీద ఎర్రటి దద్దుర్లు. పక్కింటి ఆరోగ్యమేరి గోక్కోనీ గోక్కోనీ పుండ్లు చేసుకునింది. పెద్దింట్లో కూడా కుట్టినాయి. అప్పుడు వజ్రమ్మ లైను ఆడోళ్ళనందరినీ వాకిట్లోకి పిలిపించి, తను మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునింది.

"ఈ కాంపౌండులో ఎవరింట్లో జంతువుంది?" అనింది.

"మీ ఇంట్లో ఉంది కదమ్మా, దొర" అన్నాను.

"దొర జంతువా?"

ఆరోగ్యమేరి కొంగు నోట్లో కుక్కుకునింది. నాకూ నవ్వొచ్చింది గానీ బిడ్డ చంకలో ఉంది, బాడిగిల్లు ఆమెది, మింగేసినాను.

"మా దొర వాళ్ళమ్మ జమీను ఇంట్లో పుట్టింది, వాళ్ళ నాయనా జమీను ఇంట్లోనే పుట్టినాడు. జాతికుక్కకి పురుగు పట్టదు. పట్టేదంతా ఊరకుక్కలకీ, ఇట్ల దిక్కులేక వచ్చిన పిల్లులకీ. ఏమ్మే చెంచమ్మా, నీ పిల్లే ఇదంతా తెచ్చింది."

"పురుగు జాతకం చూసి ఎక్కుతుందామ్మా?"

"నోరు అదుపులో పెట్టుకో."

నేను ఊరుకోలేక పోయినాను. ఇంట్లోకి పోయి పిల్లినీ, దువ్వెననీ, ఒక తెల్లగుడ్డనీ తెచ్చి అందరి ముందరా కూర్చున్నాను. గుడ్డ మీద పిల్లిని పెట్టి తల నుంచి తోక దాకా దువ్వినాను. రెండు పురుగులు పడినాయి. రెండే.

"చూసినారా, చూసినారా!" అని వజ్రమ్మ కుర్చీ మీదికి కాళ్ళు ఎత్తుకునింది.

"ఇప్పుడు దొరని కూడా పిలవండమ్మా, ఇదే గుడ్డ మీద దువ్వి చూస్తాను."

"నీ చేత్తోనా? మా దొరనా?"

ఆమె ముఖం చూడాల మే అప్పుడు. నేనేదో ఆమె పూజ గదిలోకి చెప్పులతో పోతానని అడిగినట్టు పెట్టింది. లేచి నిలబడి తీర్పు చెప్పేసింది. వాళ్ళు ఆడికృత్తికకి తిరుత్తణికి కావడి తీసుకుపోతారంట, అట్నుంచి పళ్ళిపట్టు పోయి నెల రోజులు ఊర్లోనే ఉంటారంట. ఆడి పోయి ఆవణి మాసం వస్తే వాసుదేవకి పిల్లనిచ్చే వాళ్ళు ఇల్లు చూసేదానికి వస్తారు. వాళ్ళు వచ్చేలోపల పిల్లి ఉండగూడదు. పిల్లుంటే మేము ఖాళీ చెయ్యాల.

జయరామయ్య అయితే ఇంకా తెలివైనోడు. పోయేముందు ఒక పొట్లం తెచ్చి, "వేరుశెనగ చేలో చల్లే మందు ఇది, పిల్లికి ఒళ్ళంతా పుయ్యి, దెబ్బకి పోతాయి" అన్నాడు.

"పిల్లి రోజంతా నాలికతో ఒళ్ళు కడుక్కుంటుంది కదయ్యా. చేలో మందు పూస్తే పురుగు కంటే ముందు పిల్లే పోతుంది" అన్నాను.

"పోతే పోనీ, అదీ మంచిదే కదా?" అని నవ్వినాడు. ఆ నవ్వుకి మూడు పండ్లే ఉండినాయి. మూడూ రాలగొట్టాలనిపించింది. పొట్లం తీసుకుపోయి, కోడి కూడా గీరలేనంత లోతుగా గుంత తవ్వి పూడ్చేసినాను.

వాళ్ళు దొరని కూడా కార్లో ఎక్కించుకుని, పెద్దింటి తలుపుకి ఇంతలావు పూట్టు వేసి తాళంచెవి తీసుకుని పోయినారు. కిటికీలు కూడా మూసినారు. ఎవరూ గాలి దొంగిలించకుండా కాబోలు. ఆ గోనెసంచి మాత్రం హాల్లోనే వదిలేసినారు.

ఇక్కడ మీ తాత సంగతి చెప్పాల. మంచోడే గానీ, ఇంటాయన పేరు చెప్తే నడుము వంగిపోయే మనిషి. రోజూ రాత్రి అన్నం కాడ ఇదే పాట. "చెంచూ, ఇల్లు పోతే యాడికి పోతాం? పిల్లిని తామరైపాక్కంలో మా అక్క ఇంట్లో వదిలేస్తాను. ఏటి కట్ట పక్కన, చేపలు తింటుంది, సుఖంగా ఉంటుంది."

"ఉయ్యాల కింద ఎవరు పండుకుంటారు, నువ్వా?" అన్నాను.

మీ తాత అన్నంలో మజ్జిగ పోసుకుంటాడు.

నేనూ ఆరోగ్యమేరీ ఆ నెలంతా ఊరుకోలేదు. నాలుగిండ్లలోనూ చాపలు ఎండకేసినాం, నేల పగుళ్ళలో పరక పుల్లలు పెట్టి గీరి దుమ్ము తీసి పొయ్యిలో పోసినాం, మరిగే నీళ్ళు పోసి, వేపాకు నూరి పేడలో కలిపి అలికినాం. ఒకసారి చేస్తే పోయే పురుగు కాదు మే అది. గుడ్లు పగుళ్ళలో ఉంటాయి, మళ్ళీ మళ్ళీ లేస్తాయి. మళ్ళీ మళ్ళీ చేసినాం. పిల్లిని పొద్దునా సాయంత్రమూ దువ్వినాను. మాసం తిరిగేసరికి లైనులో గోక్కునేవాళ్ళు లేరు.

అయినా మీ తాత భయం పోలేదు. పెద్దింటి వాళ్ళు పిల్ల తరఫు వాళ్ళని దావలో కలుపుకుని వచ్చే రోజు ఆదివారం. నేను బావి కాడికి పోయి వచ్చేలోపల పిల్లిని బియ్యం గోనెలో వేసి మూతి కట్టేసి భుజాన పెట్టుకున్నాడు. నేను చూసి కడవ కింద పెట్టి అడ్డం పోయినాను.

"దించు."

"దావ వదులు చెంచూ. బస్సుకి టైమయింది."

"దాన్ని తీసుకుపోతే బిడ్డనీ తీసుకుపో. ఇద్దరినీ మీ అక్క కాడ వదిలిపెట్టు."

నన్ను పక్కకి తోసి గేటు దాకా పోయినాడు. సరిగ్గా అప్పుడే రెండు కార్లు వచ్చి గేటు కాడ నిలబడినాయి. ముందు జయరామయ్య దిగినాడు. గోనెలో పిల్లి "మ్యావ్" అనింది. ఆయన ముఖం తెల్లబోయింది.

"ఒరేయ్ దరిద్రుడా! శుభకార్యానికి వస్తా ఉంటే పిల్లిని ఎదురు తెస్తావా? లోపలికి పో! ఎవరికీ కనపడకుండా లోపలికి పో!" అని పండ్ల సందులోంచే అరిచినాడు.

పిల్లిని తీసెయ్యమన్న మనిషే పిల్లిని మళ్ళీ ఇంట్లోకి తోలినాడు. మీ తాత గోనెతో సహా వెనక్కి పరుగు. నేను మూతి విప్పినాను. అది దులుపుకుని పోయి ఉయ్యాల కింద కూర్చునింది.

పిల్ల తరఫు వాళ్ళు అరక్కోణం తట్టు నుంచి వచ్చినారు. తండ్రి, మేనమామలు, అందరిదీ పంచెకట్టే, గంజి పెట్టిన తెల్ల వేష్టులు. వాళ్ళతో పిల్ల అవ్వ అలిమేలమ్మ. ఎండిన చెరుకు మాదిరి సన్నగా, చేతిలో ఊతకర్ర. పూలూ పండ్లూ తాంబాళాల్లో పెట్టుకుని వచ్చినారు. ఇట్లాంటి రోజుల్లో లైను ఆడోళ్ళం పెద్దింట్లో ఊరికే పని చెయ్యాల, అది అక్కడ రివాజు. నన్ను కాఫీ గ్లాసులు అందించేదానికి పిలిచినారు. బావి తాడు ముట్టుకోగూడదు, కాఫీ గ్లాసు ముట్టుకోవచ్చు.

పూట్టు తీసినారు. మూసిన ఇంటి వాసన గుప్పుమనింది. హాల్లో జముక్కాళం పరిచి, వేష్టుల వాళ్ళని కూర్చోబెట్టినారు. వజ్రమ్మ పట్టుచీరలో నిలబడి, ఈ స్తంభం టేకు, ఈ గడియారం మద్రాసుది అని చెప్తా ఉండింది.

మొదట ఒక మేనమామ చీలమండ గోక్కున్నాడు. ఆ పక్కాయన తొడ మీద చరుచుకున్నాడు. పిల్ల తండ్రి కిందికి చూసి, "ఇదేంది?" అన్నాడు. ఆయన తెల్లటి వేష్టి మీద మోకాళ్ళ దాకా నల్ల నువ్వులు చల్లినట్టుంది. ఆ నువ్వులు ఎగరతా ఉండినాయి.

ఒక నిమిషం మే! ఒక్క నిమిషంలో ఆ పెద్దమనుషులందరూ లేచి చిందులేసినారు. ఒకాయన వేష్టిని తొడల దాకా ఎత్తి పట్టుకుని గుమ్మం బయటికి దూకినాడు. ఒకాయన తాంబాళం మీద కాలు వేస్తే అరటిపండ్లు చితికిపోయినాయి. నెల రోజులు తిండి లేక పగుళ్ళలో కూర్చున్న పురుగు, అడుగుల సద్దు తగలంగానే ఊరంతా లేచినట్టు లేచింది. వజ్రమ్మ పట్టుచీరలోకి కూడా దూరినట్టుంది, గొప్పగా నిలబడను లేక, గోక్కోను లేక మెలికలు తిరిగింది.

అలిమేలమ్మ మాత్రం గుమ్మం బయటే నిలబడి చూస్తా ఉండింది. "ఖాళీ పెట్టిన మేకల దొడ్డిలోకి పోయినట్టుంది. ఈ ఇంట్లో ఏం జీవాన్ని పెంచుతారు?" అనింది.

"మా ఇంట్లో ఏమీ లేదు పెద్దమ్మా. ఇదో ఈమె ఉంది చూడండి, లైనులో ఉండేది, ఈమె పిల్లి వల్ల" అని వజ్రమ్మ నా తట్టు వేలు చూపించింది. "ఎన్నిసార్లు చెప్పినా తీసెయ్యలేదు. ఈ సాయంత్రమే ఖాళీ చేయిస్తాను."

అందరి ముందరా అనేసింది, ఇంక వెనక్కి తీసుకోదు. ఇల్లు పోయిందనే అనుకున్నాను.

"పూట్టేసిన ఇంట్లోకి పిల్లి ఎట్ల పోయింది?" అని అడిగింది అలిమేలమ్మ.

వజ్రమ్మ పట్టుచీర కుచ్చెళ్ళు దులుపుకునింది.

"ఆ పిల్లిని తీసుకురామ్మా" అనింది నాతో ముసలమ్మ. తెచ్చినాను. తిన్నె మీద కూర్చుని, తన తెల్లచీర కొంగు పరిచి, నా దువ్వెన అడిగి తీసుకుని తనే దువ్వింది. చెవులు తిప్పి చూసింది, పొట్ట మీద వెంట్రుకలు ఊది చూసింది. కొంగు దులిపింది. ఏమీ రాలలేదు. "దీన్ని నా దిండు మీద పండబెట్టుకుంటాను" అనింది.

ఊతకర్రతో హాల్లో మూలనున్న గోనెని పైకెత్తింది. దాని కింద నేల కదిలింది. ముసలమ్మ గోనెని వదిలేసి, "ఈ గోనె ఎవరిది?" అనింది.

సరిగ్గా అప్పుడు డ్రైవరు కారు వెనక సీటు నుంచి దొరని దించినాడు. అయ్యో, ఆ కుక్క! పళ్ళిపట్టులో ఆవుల కొట్టంలో కట్టేసినారంట ఆ నెలంతా. చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో, మెడ చుట్టూ గోమార్లు, నెత్తురు తాగి ఆముదం గింజలంత లావుగా, గుత్తులు గుత్తులుగా. తల ఎత్తలేక తూలతా నడిచింది. ముసలమ్మ దాని పై పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు సున్నం మాదిరి తెల్లగా ఉండినాయి.

"జాతికుక్క పెద్దమ్మా" అనింది వజ్రమ్మ.

"అందుకేనా దీని ఒంట్లో నెత్తురు మిగల్లేదు?" అనింది అలిమేలమ్మ. తరవాత కొడుకు తట్టు తిరిగి, "పదండి. మూగజీవాన్ని ఇట్ల ఉంచే ఇంట్లో మన పిల్లని ఎట్ల ఉంచుతారు?" అనింది. జయరామయ్య చేతులు జోడించి గేటు దాకా వెనకాలే పోయినాడు. ముసలమ్మ కారెక్కబోతా నిలబడి, "పిల్లోడు మంచోడని విన్నాం కాబట్టి చెప్తా ఉండాను. కుక్క బాగయి, ఇల్లు బాగయినాక కబురు పెట్టండి. నేనే వచ్చి ఆ కుక్క చెవులు చూస్తాను. ఇల్లు తరవాత చూస్తాను" అనింది. కాఫీ తాగకుండానే పోయినారు.

మరుసటి పొద్దున జయరామయ్య దొరని తాడుతో పట్టుకుని మా గుమ్మం కాడికి వచ్చినాడు. ఆ గుమ్మం తొక్కడం ఆయనకి అదే మొదలు.

"చెంచమ్మా, దీన్ని కాస్త చూడు."

"నేను ఖాళీ చేసి పోతా ఉండాను కదయ్యా."

"ఎవరు చెప్పింది?"

"ఊరంతా విన్నారు. అమ్మ చెప్పింది."

మీ తాత వెనక నుంచి నా కొంగు లాగతా ఉండినాడు. నేను విదిలించుకున్నాను. దొర నా కాళ్ళ మీద తల పెట్టి పడుకునింది. దాన్ని చూసి నా మనసు అప్పటికే కరిగిపోయింది, ఆ సంగతి ఆయనకి తెలియనియ్యలేదు.

"నేను చూస్తాను. అయితే పిల్లి ఉంటుంది, మేమూ ఉంటాం, ఆ మాట అమ్మ నోటితోనే చెప్పాల. ఇంకోటి, చెవి పట్టుకునేదానికి ఒక మనిషి కావాల. అమ్మే రావాల" అన్నాను.

"ఆమె ఎట్ల..."

"మీ కుక్క అయ్యా. జాతికుక్క. లైను వాళ్ళ చెయ్యి ఒకటే తగిలితే బాగుండదు."

వచ్చింది మే. ముక్కుకి కొంగు కట్టుకుని వచ్చి, నా వాకిట్లో, నేను అలికిన నేల మీద కూర్చునింది. గోడ తట్టు చూస్తా, "ఉంచుకో నీ పిల్లిని. ఉండండి" అనింది. అదే మాట. తప్పు అనలేదు, పాపం అనలేదు. నేను చెవి చూపించినాను. రెండు వేళ్ళతో, కుళ్ళిన వంకాయ పట్టుకున్నట్టు పట్టుకునింది.

నేను వేపనూనె రాసి, ఒక్కొక్క గోమారీని చర్మం కాడ ముల్లు తీసే చిమటాతో పట్టి నిదానంగా లాగినాను. పిసక్కూడదు, ఒక్కసారిగా గుంజగూడదు, తల లోపలే ఉండిపోయి చీము పడుతుంది. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆమె వేళ్ళు సడలినప్పుడంతా, "అమ్మా, చెవి" అన్నాను. మళ్ళీ పట్టుకునేది. ఆరోగ్యమేరి గిన్నెలు తోమేదానికి వచ్చినట్టు వచ్చి, ఒక్క గిన్నెనే అంతసేపూ తోమింది.

దొర బతికింది. మేక కార్జం పులుసు పోసి తేర్చినాం. గోనెని కాల్చేసినారు, హాలు పగుళ్ళు గీకి కడిగినారు, అదీ మా చేతుల్తోనే. అలిమేలమ్మ చెప్పినట్టే వచ్చి ముందు చెవులు చూసింది, తరవాత ఇల్లు. పెండ్లి జరిగింది. వచ్చిన కోడలు చేసిన మొదటి పని కుక్కకి నీళ్ళు పోయడం.

వజ్రమ్మ మారిందా అని అడుగుతావేమో. ఎందుకు మారుతుంది? అందరితోనూ, "లైనులో పిల్లి నుంచి మా దొరకి అంటింది, పాపం" అనే చెప్పుకునింది. అంత చూసి, అంతసేపు చెవి పట్టుకుని కూర్చుని, ఆమె నేర్చుకునింది అంతే. కొందరి తలకాయలు అంతే మే, ఏ దువ్వెన పెట్టినా ఏమీ రాలదు.

మీ అమ్మ వేళ్ళు పదీ ఉండాయి, పోయి లెక్క పెట్టుకో. నువ్వు ఈ కథని మతిలో పెట్టుకో. నీ పిల్లలకి చెప్పు, వాళ్ళు కుక్కనో పిల్లినో తెచ్చుకున్నప్పుడు చెప్పు. గోనె ఉతకమనీ, పగులు గీకమనీ, చేలో మందు జీవం మీద పుయ్యొద్దనీ చెప్పు. అలిమేలమ్మ పేరు మరిచిపోతే పోనీ, ఆమె ఏమీ అనుకోదు. వజ్రమ్మ పేరు మాత్రం మార్చొద్దు, మరిచిపోవద్దు. ఉన్న పేరు ఉన్నట్టే చెప్పు.